దుకాణం పేరు పద్దు కాదు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను 1985 పదో తరగతి బ్యాచ్. మన సంఘం కార్యదర్శి నా బెంచీవాడే. మొన్న ఫోన్ చేసి, "ఒరే, ఇంజనీరువి కదా, టెక్నాలజీ మీద ఓ పావుగంట మాట్లాడు. కృత్రిమ మేధ అంటూ పిల్లల్ని భయపెట్టకు" అన్నాడు. అందుకని మీ అందరి ఫోన్లలో ఉన్నదీ, ఎవరూ భయపడనిదీ ఎంచుకున్నాను. ఇంటి ఖర్చు ఎక్సెల్ షీటులో రాసుకోవడం. అందులోనూ ఒక చిన్న ముక్క: ఆన్‌లైన్లో కొన్నవాటిని ఏ పద్దు కింద రాయాలి అన్నది. ఇదీ ఒక ప్రసంగమేనా అని మీరనుకోవచ్చు. మా ఇంట్లో దీని మీద గొడవ జరిగింది. ఒక మంచి పని కూడా జరిగింది. రెండూ చెబుతాను.

ముందు మా నాన్న సంగతి. ఆయన ఈ ఊళ్ళోనే రైస్ మిల్లులో గుమాస్తాగా చేశారని మీలో పెద్దవాళ్ళకు తెలుసు. మిల్లులో చిట్టా, ఆవర్జా అని రెండు పుస్తకాలుండేవి. ఏ రోజు జరిగిన లావాదేవీ ఆ రోజు, జరిగిన వరసలో రాసేది చిట్టా. ఆ చిట్టాలోంచి ఒక్కో పద్దునూ ఏరి, దాని ఖాతా కిందకు చేర్చేది ఆవర్జా. చిట్టా చూస్తే ఏం జరిగిందో తెలుస్తుంది. ఆవర్జా చూస్తే మన పరిస్థితి ఏమిటో తెలుస్తుంది. ఇంట్లో కూడా నాన్న ఒక పొడుగాటి అట్ట పుస్తకంలో ఇదే పద్ధతిలో రాసేవారు.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా ఆయనకు జ్వరమొచ్చి, ఆ పుస్తకం రాసే పని నాకు అప్పజెప్పారు. నేను కిరాణా కొట్టుకు వెళ్ళి సరుకులు తెచ్చి, "కొట్టు — 84 రూపాయలు" అని ఒక్క ముక్క రాసి మూసేశాను. సాయంత్రం ఆయన పుస్తకం చూసి, "కొట్టుకెంతిచ్చామన్నది కొట్టువాడి లెక్కరా. దేనికిచ్చామన్నది మన లెక్క" అన్నారు. కాలవ గట్టు మీద మళ్ళీ నడిచి వెళ్ళి, చీటీ రాయించుకొచ్చి, కందిపప్పు ఇంత, చింతపండు ఇంత, కిరసనాయిలు ఇంత అని విడివిడిగా రాశాను. అప్పుడు విసుగొచ్చింది. ఆ మాట విలువ నలభై ఏళ్ళ తరవాత గానీ తెలియలేదు.

మూడేళ్ళ కిందట మార్చి నెలాఖరు. నాకు రిటైర్మెంటుకి ఆరేళ్ళుంది, మా అబ్బాయి హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాడు. ఏడాది ఖర్చెంతో తేల్చుకుందామని బ్యాంకు స్టేట్‌మెంటు, క్రెడిట్ కార్డు స్టేట్‌మెంటు దించుకుని ఎక్సెల్లో పెట్టాను. కరెంటు, గ్యాసు, పెట్రోలు, ఫీజులు, అన్నీ వాటి వాటి పద్దుల్లో చక్కగా కూర్చున్నాయి. మిగిలిన పెద్ద ముద్దకు "ఆన్‌లైన్ షాపింగ్" అని పేరు పెట్టాను. మొత్తం 2,86,400 రూపాయలు. అంటే నెలకు 24 వేలకు కాస్త తక్కువ.

ఆ అంకె చూసి నాకు గుండె ఆగినంత పనైంది. వంటింట్లోకి వెళ్ళి మా ఆవిడతో, "ఆ యాప్ ఉండేది నీ ఫోన్లోనే కదా, కాస్త చూసుకుని కొనాలి" అన్నాను. ఆవిడ వాదించలేదు. స్టవ్వు తగ్గించి, "ఏం కొన్నామో కూడా రాయండి, అప్పుడు మాట్లాడదాం" అంది. ఆ తరవాత రెండు రోజులు మా ఇంట్లో సంభాషణ "అన్నం వడ్డించాను" అనే దగ్గరే ఆగిపోయింది.

మూడో రోజు ఆఫీసులో నాకు నా తప్పు కనిపించింది. నా ఉద్యోగం విద్యుత్ పంపిణీలో. సబ్‌స్టేషన్ నుంచి బయలుదేరే 11 కేవీ ఫీడరు మొదట్లో ఒక మీటరుంటుంది. ఆ ఫీడరు మీద ఎన్ని యూనిట్లు వెళ్ళాయో అది చెబుతుంది. ఇళ్ళ మీటర్ల నుంచి వచ్చిన లెక్క దానికంటే తక్కువుంటుంది. ఆ తేడా తీగల్లో పోయిందా, ట్రాన్స్‌ఫార్మర్లో పోయిందా, కొక్కేలు తగిలించి ఎవరైనా వాడుకున్నారా అన్నది ఫీడరు మీటరు చెప్పలేదు. అందుకే ఒక్కో ట్రాన్స్‌ఫార్మరుకూ మీటరు పెట్టి, దాని కింది వాడకంతో సరిపోల్చి చూస్తాం. ఆ లెక్క తీయకుండానే "ఫలానా వీధివాళ్ళే దొంగలండీ" అన్న కుర్ర ఇంజనీర్లను నేను చాలాసార్లు మందలించాను. ఇంట్లో నేను చేసింది సరిగ్గా అదే.

బ్యాంకు స్టేట్‌మెంటులో కరెంటు బిల్లు కట్టామంటే అది కరెంటుకే. పెట్రోలు బంకు పేరుంటే అది దాదాపుగా పెట్రోలుకే. ఆన్‌లైన్ దుకాణం అలా కాదు. అక్కడ మినప్పప్పు దొరుకుతుంది, మోటారు పంపు దొరుకుతుంది, పెళ్ళి కానుకా దొరుకుతుంది. స్టేట్‌మెంటులో మాత్రం ఆ దుకాణం పేరు, ఒక అంకె, ఒక తేదీ ఉంటాయి. అది ఎవరికి ఇచ్చామో చెబుతుంది, దేనికిచ్చామో చెప్పదు. నాన్న మాటల్లో చెప్పాలంటే అది కొట్టువాడి లెక్క. "ఆన్‌లైన్ షాపింగ్" అనేది పద్దే కాదు. "బజారు ఖర్చు" అన్నట్టు అదొక చోటు పేరు, అంతే.

అయితే కిరాణా కొట్టువాడు చీటీ రాసిచ్చినట్టే, ఈ దుకాణాలూ చీటీ ఇస్తాయి. యాప్‌లో పాత ఆర్డర్లన్నీ వస్తువు వస్తువుగా ఉంటాయి, ప్రతిదానికీ ఇన్‌వాయిస్ ఉంటుంది. అదే మన చిట్టా. దాన్ని ఆవర్జాగా మార్చుకునే పని మాత్రం మనదే. ఏప్రిల్లో నాలుగు ఆదివారాలు కూర్చున్నాను. 193 ఆర్డర్లు విప్పితే 341 వరసలయ్యాయి.

ఇక్కడ పిల్లల కోసం ఒక మాట. ఈ స్ప్రెడ్‌షీటు పుట్టింది ఒక క్లాసురూములో, నల్లబల్ల ముందు. డాన్ బ్రిక్లిన్ అనే విద్యార్థి హార్వర్డ్ బిజినెస్ స్కూల్లో చదువుతుండగా, ప్రొఫెసర్ బోర్డు మీద గళ్ళు గీసి లెక్క వేస్తున్నారు. ఒక్క అంకె మారితే దాని మీద ఆధారపడ్డ అంకెలన్నీ చెరిపి మళ్ళీ రాయాల్సి వచ్చింది. ఈ చెరిపి రాసే పని కంప్యూటరే చేస్తే బాగుండును కదా అని ఆ కుర్రాడికి తోచింది. బాబ్ ఫ్రాంక్‌స్టన్‌తో కలిసి ఆయన తయారుచేసిన విసికాల్క్ 1979లో ఆపిల్ టూ కంప్యూటరు మీద వచ్చింది. ఎక్సెల్ వచ్చింది 1985లో, మేం ఈ బడి వదిలిన సంవత్సరమే. కాబట్టి మాస్టారు బోర్డు చెరుపుతున్నప్పుడు కూడా కాస్త గమనిస్తూ ఉండండి.

ఇక నా షీటు. మొదట ఆరు గళ్ళు పెట్టాను. తేదీ, దుకాణం, వస్తువు, ఇచ్చిన డబ్బు, పద్దు, ఎలా చెల్లించాం. పద్దు గడిలో ఎవరికి తోచింది వాళ్ళు రాయకుండా ఒక జాబితా కట్టి, అందులోంచే ఎంచుకునేలా చేశాను. లేకపోతే ఒకచోట "మందులు", ఒకచోట "మెడిసిన్స్", ఇంకోచోట "మందుల షాపు" అవుతాయి. కంప్యూటరు దృష్టిలో అవి మూడూ వేరు వేరు. పద్దులు పన్నెండుకు మించనివ్వలేదు. మరీ ఎక్కువైతే రాసేవాడికి ఓపిక పోతుంది. "ఇతరములు" అనే పద్దు ఒకటి ఉంచాను గానీ, అందులో నూటికి ఐదు రూపాయల కంటే ఎక్కువ చేరితే మళ్ళీ విప్పి చూడాలని నియమం పెట్టుకున్నాను. ఏ పద్దుకు ఎంతైందో సమ్‌ఇఫ్స్ అనే ఫార్ములా కూడి పెడుతుంది.

రాయడం మొదలుపెట్టాక నేను తడబడిన చోట్లు నాలుగున్నాయి. మీకు పనికొస్తాయని చెబుతున్నాను.

మొదటిది, ఒకే ఆర్డరులో రెండు మూడు రకాల వస్తువులుండటం. పప్పు, నూనె కలిపి 1,200, హెడ్‌ఫోన్ 800 అనుకోండి. కూపన్ వల్ల 150 తగ్గింది, డెలివరీకి 50 పడింది. మనం కట్టింది 1,900. ఈ 150 తగ్గింపును దేనిలో వేయాలి? మన లెక్కల మాస్టారు నేర్పిన నిష్పత్తే. 1,200కి 800 అంటే మూడుకు రెండు. పప్పు, నూనెలకు 90, హెడ్‌ఫోనుకు 60. అంటే సరుకుల కింద 1,110, హెడ్‌ఫోను కింద 740, డెలివరీ రుసుము 50. కూడితే సరిగ్గా 1,900. ఒక ఆర్డరుకు మూడు వరసలు.

రెండోది, వాపసు ఇచ్చిన వస్తువులు. ఆ డబ్బు తిరిగొస్తే చాలామంది ఆదాయం కింద రాసుకుంటారు. అది ఆదాయం కాదు, ఖర్చు రద్దవడం. ఏ పద్దులో రాశామో అదే పద్దులో మైనస్ గుర్తుతో రాయాలి. ఒక్కోసారి ఆ డబ్బు బ్యాంకుకు రాదు, ఆ యాప్ వాలెట్లోనే ఉండిపోతుంది. స్టేట్‌మెంటు మాత్రమే చూసేవాడికి ఆ డబ్బు వచ్చినట్టే తెలియదు.

మూడోది, ఒకే ఖర్చును రెండుసార్లు రాయడం. కార్డుతో కొన్నప్పుడు ఒకసారి, కార్డు బిల్లు కట్టినప్పుడు ఇంకోసారి. వాలెట్లో డబ్బు వేసినప్పుడు ఒకసారి, దాంతో కొన్నప్పుడు మరోసారి. వాలెట్లో వేయడం, కార్డు బిల్లు కట్టడం ఖర్చులు కావు. కుడి జేబులోంచి ఎడమ జేబులోకి మార్చడం. వాటికి "బదిలీ" అని వేరే గుర్తు పెట్టాను. దీనికి తిరకాసు క్యాష్ ఆన్ డెలివరీ. అది నగదు కాబట్టి కార్డు స్టేట్‌మెంటులో ఉండదు. ఏటీఎంలో తీసిన డబ్బులో కలిసిపోతుంది.

నాలుగోది వాయిదాలు. ఫ్రిజ్ కొని తొమ్మిది నెలల వాయిదాల్లో కడితే, ఖర్చు జరిగింది కొన్న రోజునే. పూర్తి ధర ఆ రోజు తేదీతో ఆ పద్దులో రాయాలి. నెలనెలా కట్టేది అప్పు తీర్చడం. వడ్డీ, ప్రాసెసింగ్ ఫీజు, వాటి మీద పడే జీఎస్టీ, ఇవన్నీ వేరుగా "రుసుములు" అనే పద్దులో. అలా రాస్తే తెలుస్తుంది, వడ్డీ లేదన్న వాయిదాకు కూడా ఎంత పడిందో.

ఇదంతా చేసి, గర్వంగా షీటు తీసుకెళ్ళి మా ఆవిడకు చూపించాను. అప్పటికి నేను యాప్‌లో ఉన్న విభాగాలనే పద్దులుగా పెట్టుకున్నాను. ఎలక్ట్రానిక్స్ ఇంత, హోమ్ అండ్ కిచెన్ ఇంత, హెల్త్ ఇంత అని. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని అంతా చూసి, "బానే ఉంది గానీ, ఎవరి కోసమో కూడా రాయండి" అంది.

కాదనడానికి నా దగ్గర కారణం లేదు. ఏడో గడి పెట్టాను, "ఎవరికి" అని. మళ్ళీ రెండు ఆదివారాలు. ఈసారి ఆవిడ పక్కనే కూర్చుని, ఏ వస్తువు ఎవరి కోసమో చెబుతూ వచ్చింది. తేలిన లెక్క ఇది, దాచకుండా చదువుతున్నాను. ఇల్లు మొత్తానికి, అంటే సరుకులు, సబ్బులు, వంటింటి సామాను, మరమ్మతులు కలిపి 1,02,800. నాకు 67,900. ఊళ్ళో ఉన్న అమ్మకు 52,600. అబ్బాయికి 31,200. బంధువుల పెళ్ళిళ్ళకు, గృహప్రవేశాలకు కానుకలు 17,400. మా ఆవిడకు 11,700. రుసుములు 2,800. కూడి చూసుకోండి, 2,86,400 వస్తుంది.

నా 67,900లో ఏమున్నాయని అడక్కండి. ఒక డ్రిల్లింగ్ మిషన్ ఉంది, దానితో ఇంతవరకు రెండు కన్నాలు వేశాను. రెండు స్మార్ట్ వాచీలున్నాయి, నాకున్న చెయ్యి ఒకటే. ఆ యాప్ ఆవిడ ఫోన్లో ఉంది నిజమే. అందులో ఆర్డర్లు పెట్టమని చెప్పినవాళ్ళం మేమందరం. ఆ రోజు ఆవిడకు క్షమాపణ చెప్పాను. "సరే లెండి" అంది. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆ "సరే లెండి"కి అర్థం ఏమిటో ఇక్కడున్న మగవాళ్ళందరికీ తెలుసు.

నేను అసలు చెప్పాలనుకున్నది దీని తరవాతది.

షీటులో ఫిల్టర్ అని ఒక సదుపాయం ఉంటుంది. "ఎవరికి" గడిలో "అమ్మ" అని పెట్టి, తేదీల వరసలో చూశాను. ఎక్కువ భాగం మందులు, షుగరు చూసుకునే స్ట్రిప్పులు, ఒక కూలరు, ఒక మిక్సీ. వాటి మధ్యలో అక్టోబరులో ఒక టార్చి లైటు. నవంబరులో మంచం పక్కన పెట్టుకునే దీపం. అదే నెలాఖరున వంటింటికి పెద్ద ఎల్‌ఈడీ బల్బు. డిసెంబరులో పెద్ద అంకెల గోడ గడియారం. జనవరిలో భూతద్దం. ఫిబ్రవరిలో మెట్ల అంచుకు అంటించే, చీకట్లో మెరిసే టేపు. అన్నీ కలిపి నాలుగు వేలు కూడా లేవు.

యాప్ విభాగాల్లో ఇవి ఒకచోట లేవు. టార్చి ఎలక్ట్రానిక్స్‌లో, గడియారం గృహాలంకరణలో, భూతద్దం స్టేషనరీలో, టేపు హార్డ్‌వేర్లో. నా మొదటి షీటులోనూ అలాగే చెల్లాచెదురుగా ఉన్నాయి. ఒకరి పేరు కిందకు వచ్చాక, ఆరు వరసలు ఒకదాని కింద ఒకటి నిలబడి ఒకే మాట చెప్పాయి. అమ్మకు చూపు తగ్గిపోతోంది.

నాన్న పోయాక అమ్మ ఆ ఇంట్లోనే ఉంటోంది, పక్క వీధిలో చెల్లెలుంది. అమ్మకు ఏదైనా కావాలంటే నాకు చెప్పదు, కోడలికి ఫోన్ చేసి, "అమ్మాయ్, ఒక టార్చి పంపుతావా" అంటుంది. మా ఆవిడ వెంటనే పంపుతుంది. ఒక నెలలో టార్చి, ఇంకో నెలలో గడియారం. విడివిడిగా చూస్తే వాటిలో అనుమానించాల్సిందేమీ లేదు. నాతో మాత్రం ఒకసారి అంది, "ఇంట్లో లైట్లు సరిగా వెలగటం లేదురా అబ్బాయ్" అని. ముప్ఫై ఏళ్ళ అనుభవమున్న ఎలక్ట్రికల్ ఇంజనీరుని కదా, "లో వోల్టేజీ అయ్యుంటుందమ్మా, లైన్‌మన్‌కి చెప్పు" అన్నాను. పాపం, ఆమె లైన్‌మన్‌కి చెప్పింది కూడా. అతను వచ్చి చూసి, అంతా బానే ఉందని చెప్పి వెళ్ళాడట.

ఆ శనివారమే ఊరొచ్చాను. గుమ్మంలో నన్ను గొంతు విని గుర్తుపట్టింది. కంటి డాక్టరుకు చూపిస్తే రెండు కళ్ళలోనూ శుక్లాలు బాగా ముదిరాయన్నారు. షుగరు అదుపులోకి తెచ్చి, ఒక కంటికి, కొన్ని వారాల తరవాత రెండో కంటికి ఆపరేషన్ చేసి లెన్సు వేశారు. కట్టు విప్పి ఇంటికొచ్చిన రోజు అమ్మ అన్న మొదటి మాట, "గోడల నిండా ఇంత మసి ఉందేమిట్రా, ఎవ్వరూ చెప్పలేదే!" ఈ సభ ఆహ్వానపత్రం తనే చదువుకుని, నా పేరులో అచ్చుతప్పు ఉందని చెప్పింది. కార్యదర్శి గమనించగలరు.

నేను దీన్ని ఎక్సెల్ గొప్పతనంగా చెప్పటం లేదు. నెలకొకసారి ఊరొచ్చి అమ్మ ఎదురుగా కూర్చునే కొడుకైతే, భోజనం చేస్తున్నప్పుడే కనిపెట్టేవాడు. నేను రాలేదు, వస్తువులు పంపాను. వస్తువు పంపితే పని చేసినట్టే అనుకున్నాను. ఇక్కడున్నవాళ్ళలో చాలామందిమి ఉద్యోగాల కోసం ఊరు దాటి వెళ్ళినవాళ్ళమే. అమ్మానాన్నలకు ఏం కావాలన్నా ఫోన్లో నొక్కితే రెండు రోజుల్లో గుమ్మం ముందుంటుంది. దాన్ని తప్పు పట్టను, అది లేని రోజుల్లో మన పెద్దలు ఎంత అవస్థ పడ్డారో తెలుసు. ఒక్క పని మాత్రం చేయండి. గత ఏడాది మీ అమ్మకో నాన్నకో పంపినవన్నీ తేదీల వరసలో ఒకచోట రాసి చూడండి. మోకాలి పట్టీ, చేతికర్ర, బాత్‌రూములో జారకుండా వేసే చాప, ఇవి వరసగా కనిపిస్తే మీకే అర్థమవుతుంది, వాళ్ళు మీతో చెప్పనిదేమిటో.

ఇంకొక హెచ్చరిక. ఈ "ఎవరికి" అనే గడిని ఇంట్లో కోర్టులా వాడకండి. నేను మొదట వాడబోయింది అలాగే, ఫలితం చూశారుగా. మా ఇంట్లో ఇప్పుడు నెలాఖరు ఆదివారం ఇద్దరం కలిసి కూర్చుని రాస్తాం. ఒక గంట పని. ఆ గంటలో డబ్బు గురించి మాట్లాడుకునేది పావుగంటే. మిగతాదంతా ఇది ఎవరికి కొన్నాం, వాళ్ళకు నచ్చిందా, మళ్ళీ ఎందుకు అడగలేదు, ఇలాంటి కబుర్లు.

మన సంఘానికి కూడా ఒక చిన్న మనవి. ఈ మధ్య బడికి కావలసినవి మనమూ ఆన్‌లైన్లోనే కొంటున్నాం. వార్షిక లెక్కల్లో "ఆన్‌లైన్ కొనుగోళ్ళు" అని ఒక్క ముద్దగా కాకుండా, ఆడపిల్లల మరుగుదొడ్లకు ఇంత, లేబరేటరీకి ఇంత, ఆటలకు ఇంత అని చూపిద్దాం. విరాళమిచ్చినవాడికి దుకాణం పేరు అక్కర్లేదు. తన వెయ్యి రూపాయలు ఏ గదిలో ఫ్యానై తిరుగుతోందో తెలిస్తే, వచ్చే ఏడాది అడక్కుండానే ఇస్తాడు.

నాన్న అట్ట పుస్తకం ఇప్పటికీ నా దగ్గరుంది. అందులో నేను రాసి కొట్టేసిన "కొట్టు — 84" కూడా అలాగే ఉంది, దాని కింద నా చేతిరాతలోనే కందిపప్పు, చింతపండు, కిరసనాయిలు. ఏడు గళ్ళ నమూనా షీటు ఒకటి కోశాధికారి గారికి ఇచ్చాను. కావలసినవాళ్ళు ఆయన్ని అడిగి ఫోన్లోకి పంపించుకోండి. సందేహాలుంటే భోజనాల దగ్గర అడగండి, అమ్మ కూడా అక్కడే ఉంటుంది.